నిత్యజీవితంలో పదార్థాల భౌతిక మార్పులు

విషయక్రమం

3.0 లక్ష్యాలు
3.1 పరిచయం
3.2 భౌతిక మార్పును గుర్తించడం
3.3 కరగడం: ఒక మాట, రెండు మార్పులు
3.4 గుప్తోష్ణం
3.5 ఇగరడం, మరగడం
3.6 చెమట, వడదెబ్బ
3.7 ఘనపరిమాణంలో మార్పు: గ్యాస్ బండ
3.8 ఉప్పు మడులు
3.9 సారాంశం
3.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు
3.11 నమూనా పరీక్షా ప్రశ్నలు
3.12 పారిభాషిక పదాలు

3.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• భౌతిక మార్పుకూ రసాయన మార్పుకూ గల తేడాను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ద్రవీభవనానికీ, ద్రావణం ఏర్పడటానికీ భేదం చెప్పగలుగుతారు.
• గుప్తోష్ణం అంటే ఏమిటో నిర్వచించి, దాని ఆధారంగా చిన్న లెక్కలు చేయగలుగుతారు.
• ఆవిరి కాలడం, వడదెబ్బ, వంటగ్యాస్ లీకవడం వంటి సందర్భాలలో తీసుకోవలసిన జాగ్రత్తలకు శాస్త్రీయ కారణాలు చెప్పగలుగుతారు.

(ఈ భాగంలో పేర్కొన్న డిగ్రీలన్నీ సెల్సియస్ డిగ్రీలే.)

3.1 పరిచయం

తెల్లవారి లేచింది మొదలు మీ చుట్టూ పదార్థాలు మారుతూనే ఉంటాయి. కాఫీకి పెట్టిన నీళ్ళు మరుగుతాయి. దండెం మీద బట్టలు ఆరతాయి. చలికాలంలో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. బట్టల పెట్టెలో వేసిన కలరా ఉండలు నెల తిరిగేసరికి చిన్నవవుతాయి. ఈ మార్పులన్నిటిలో ఒక పోలిక ఉంది. పదార్థం స్థితి, ఆకారం లేదా పరిమాణం మారింది కాని, పదార్థం మాత్రం అదే. ఇటువంటి మార్పులను భౌతిక మార్పులు అంటారు.

పాఠశాలలో ఈ నిర్వచనాన్ని చదివిన చాలామందికి ఒక అభిప్రాయం మిగిలిపోతుంది. రసాయన మార్పు పెద్దది, భౌతిక మార్పు చిన్నది, దానివల్ల ప్రమాదమేమీ ఉండదు అని. ఇది సరైన అభిప్రాయం కాదు. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చేయి కాలడానికి కారణం భౌతిక మార్పే. మండుటెండలో మన ప్రాణాన్ని కాపాడేదీ భౌతిక మార్పే. లీకైన వంటగ్యాస్ గదంతా నిండడమూ భౌతిక మార్పే. పదార్థం మారకపోయినా రెండు విషయాలు తప్పక చూడాలి. ఒకటి, ఆ మార్పులో ఎంత ఉష్ణం చేతులు మారింది? రెండు, పదార్థం ఆక్రమించే చోటు ఎంత మారింది? ఈ రెండు లెక్కలనూ ఈ భాగంలో నేర్చుకుంటారు.

3.2 భౌతిక మార్పును గుర్తించడం

మంచుగడ్డలోనూ, నీటిలోనూ, నీటి ఆవిరిలోనూ ఉండేవి ఒకే రకం అణువులు. ప్రతి అణువులోనూ రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. మంచులో అవి ఒక క్రమంలో బిగిసి ఉంటాయి. నీటిలో ఒకదాని పక్క నుంచి మరొకటి జారుతూ కదులుతాయి. ఆవిరిలో దూరదూరంగా విడిపోయి తిరుగుతాయి. అమరిక మారింది కాని అణువు మారలేదు.

ఇప్పుడు వంటింట్లోని రెండు గిన్నెలను పరిశీలించండి. ఒకదానిలో కరిగిన నెయ్యి పోసి రాత్రంతా ఉంచారు, తెల్లవారేసరికి పేరుకుంది. మరొకదానిలో గోరువెచ్చని పాలలో చేమిరి వేశారు, తెల్లవారేసరికి తోడుకుంది. చూడటానికి రెండిటిలోనూ ద్రవమే గట్టిపడింది. కాని పేరుకున్న నెయ్యిని వేడిచేస్తే మళ్ళీ పాత నెయ్యే వస్తుంది. పెరుగును వేడిచేస్తే పాలు రావు. విరిగి నీరు వేరవుతుంది. పెరుగులో బాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చింది. ఆ ఆమ్లం వల్ల పాలలోని ప్రోటీన్ గడ్డకట్టింది. కొత్త పదార్థం ఏర్పడింది కాబట్టి ఇది రసాయన మార్పు.

అయితే, "వెనక్కి తీసుకురాగలిగితే భౌతిక మార్పు, తీసుకురాలేకపోతే రసాయన మార్పు" అనే సూత్రాన్ని గుడ్డిగా పట్టుకోకూడదు. బియ్యాన్ని పిండి పట్టిస్తే మళ్ళీ బియ్యం కావు. అయినా పిండిలో ఉన్నది బియ్యంలోని పిండిపదార్థమే. కనుక అది భౌతిక మార్పు. సెల్‌ఫోన్ బ్యాటరీని ఎన్నిసార్లయినా తిరిగి ఛార్జి చేయవచ్చు. కాని లోపల జరిగేవి రసాయన చర్యలే. కనుక అడగవలసిన అసలు ప్రశ్న ఒక్కటే: కొత్త పదార్థం ఏర్పడిందా, లేదా?

రెండు మార్పులూ ఒకేచోట జరగడం కూడా సాధారణమే. మూత వదులుగా ఉన్న డబ్బాలో కర్పూరం తరిగిపోతుంది. ఘనస్థితి నుంచి ద్రవం కాకుండానే నేరుగా వాయువుగా మారుతుంది. దీన్ని ఉత్పతనం అంటారు. ఇది భౌతిక మార్పు. అదే కర్పూరాన్ని హారతి పళ్ళెంలో వెలిగిస్తే దాని ఆవిరి మండి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఏర్పడతాయి. ఇది రసాయన మార్పు. మొదటిది జరగకపోతే రెండవది సాగదు.

3.3 కరగడం: ఒక మాట, రెండు మార్పులు

"మంచు కరిగింది" అంటాం. "చక్కెర నీళ్ళలో కరిగింది" అని కూడా అంటాం. వాడుక భాషలో మాట ఒక్కటే అయినా శాస్త్రంలో ఇవి వేరువేరు మార్పులు.

మంచు కరగడానికి మరో పదార్థం అక్కరలేదు, ఉష్ణం చాలు. ఘనపదార్థం ద్రవంగా మారడాన్ని ద్రవీభవనం అంటారు. చక్కెర నీళ్ళలో కరగడానికి రెండు పదార్థాలు కావాలి. చక్కెర అణువులు విడివడి నీటి అణువుల మధ్య చేరతాయి. ఇక్కడ ఏర్పడేది ద్రావణం. సాంబారులో వేసిన ఉప్పు ద్రావణంగా మారుతుందే తప్ప ద్రవీభవనం చెందదు. ఉప్పు నిజంగా ద్రవీభవనం చెందాలంటే సుమారు 801 డిగ్రీల వేడి కావాలి. ఏ పొయ్యి మీదా సాంబారు అంత వేడెక్కదు.

శుద్ధ పదార్థానికి నిర్దిష్టమైన ద్రవీభవన స్థానం ఉంటుంది. సాధారణ పీడనం వద్ద మంచుకు అది 0 డిగ్రీలు. నెయ్యి అనేక కొవ్వుల మిశ్రమం కాబట్టి ఒక్కసారిగా కరగదు. మెత్తబడుతూ, కొంత పూసగా, కొంత ద్రవంగా చాలాసేపు ఉంటుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. అందుకే ఆదిలాబాద్ చలిలో సీసాలో గట్టిపడిన నూనె, కాసేపు ఎండలో పెట్టగానే జారుతుంది. గడ్డకట్టింది కాబట్టి నూనె కల్తీదని అనుకోనక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. కొవ్వొత్తి వెలుగుతున్నప్పుడు జరిగే ఒక భౌతిక మార్పును, ఒక రసాయన మార్పును చెప్పండి.
2. బెల్లం పానకంలో బెల్లం ద్రవీభవనం చెందిందా? కారణం రాయండి.

3.4 గుప్తోష్ణం

ఒక గిన్నెలో మంచుముక్కలు వేసి, సన్నని సెగ మీద కలుపుతూ వేడిచేయండి. ఉష్ణమాపకం 0 డిగ్రీల వద్దకు చేరి అక్కడే నిలిచిపోతుంది. మంచు మొత్తం కరిగేదాకా కదలదు. ఆ తరువాత నీటి ఉష్ణోగ్రత పెరుగుతూ పోయి, 100 డిగ్రీల దగ్గర మళ్ళీ నిలిచిపోతుంది. నీరంతా ఆవిరయ్యేదాకా అక్కడే ఉంటుంది. పొయ్యి మాత్రం వెలుగుతూనే ఉంది. మరి ఆ ఉష్ణమంతా ఎటు పోయింది?

1760ల దశకంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్ ఈ ప్రశ్నకు సమాధానం కనుగొన్నాడు. ఆ ఉష్ణం పదార్థాన్ని వేడెక్కించడానికి కాక, దాని స్థితిని మార్చడానికి ఖర్చవుతుంది. ఉష్ణమాపకానికి కనిపించకుండా దాగి ఉంటుంది కాబట్టి దీన్ని గుప్తోష్ణం అన్నారు. నీటికి సంబంధించిన మూడు విలువలను గుర్తుంచుకోండి:

• 1 గ్రాము మంచు 0 డిగ్రీల వద్ద నీరుగా మారడానికి: 80 కెలోరీలు
• 1 గ్రాము నీరు 0 నుంచి 100 డిగ్రీలకు వేడెక్కడానికి: 100 కెలోరీలు
• 1 గ్రాము నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మారడానికి: 540 కెలోరీలు

మూడవ విలువ ఎంత పెద్దదో చూడండి. ఒకే సెగ మీద 0 డిగ్రీల నీరు మరిగే స్థితికి రావడానికి 10 నిమిషాలు పడితే, అదంతా ఆవిరై పోవడానికి మరో 54 నిమిషాలు పడుతుంది. దీనిలో ఇల్లాలికి పనికివచ్చే విషయం ఒకటి ఉంది. మూత లేని గిన్నెలో నీళ్ళు మరగడం మొదలైన తరువాత సెగ ఎంత పెంచినా వాటి ఉష్ణోగ్రత పెరగదు. పప్పు తొందరగా ఉడకదు. నీళ్ళు తొందరగా ఇగురుతాయి, గ్యాస్ వృథా అవుతుంది. మరుగు రాగానే సెగ తగ్గించడమే మేలు.

ఆవిరి కాలడం

ఆవిరి నీరుగా మారినప్పుడు, తాను తీసుకున్న ఉష్ణాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. 100 డిగ్రీల నీరు, 100 డిగ్రీల ఆవిరి, ఒక్కొక్కటి 1 గ్రాము చొప్పున చేతిమీద పడి 37 డిగ్రీలకు చల్లారాయనుకోండి.

నీరు చర్మానికి ఇచ్చే ఉష్ణం: 100 – 37 = 63 కెలోరీలు
ఆవిరి చర్మానికి ఇచ్చే ఉష్ణం: 540 + 63 = 603 కెలోరీలు

ఉష్ణోగ్రత ఒకటే అయినా ఆవిరి ఇచ్చే ఉష్ణం తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ. పైగా అసలు ఆవిరి కంటికి కనిపించదు. కుక్కర్ నుంచి పైకి లేచే తెల్లని పొగలాంటిది ఆవిరి కాదు. ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని నీటి తుంపరలు. రంధ్రానికి దగ్గరగా, ఖాళీగా కనిపించే చోటే నిజమైన ఆవిరి ఉంటుంది. చేయి అక్కడికే వెళ్ళకూడదు. ఇడ్లీ పాత్ర మూతను మీ వైపు కాకుండా అవతలి వైపుకు వాల్చి తీయండి. కాలితే వెంటనే కొళాయి కింద మామూలు చల్లని నీటి ధారలో కనీసం 10 నిమిషాలు, వీలైతే 20 నిమిషాలు ఉంచండి. సిరా, టూత్‌పేస్టు, మంచుగడ్డ పెట్టవద్దు. కాలిన చోటు పెద్దదైతే, లేదా ముఖం మీద కాలితే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

3.5 ఇగరడం, మరగడం

నీరు ఆవిరి కావడానికి 100 డిగ్రీలు రావలసిన పని లేదు. అలా అయితే బట్టలు ఎన్నటికీ ఆరవు. ద్రవం ఉపరితలం నుంచి ఏ ఉష్ణోగ్రత వద్దనైనా జరిగే మార్పు ఇగరడం. పుస్తక భాషలో బాష్పీభవనం. ద్రవంలో వేగంగా కదిలే అణువులు ముందుగా తప్పించుకుపోతాయి. నెమ్మదైనవి మిగులుతాయి. కనుక మిగిలిన ద్రవం చల్లబడుతుంది. ఉపరితలం ఎక్కువైనా, వేడి పెరిగినా, గాలి వీచినా ఇగరడం వేగం పెరుగుతుంది. గాలిలో తేమ, అంటే ఆర్ద్రత, పెరిగితే ఆ వేగం తగ్గుతుంది.

మట్టికుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమర్చి ఇగురుతుంది. అందుకు కావలసిన ఉష్ణాన్ని కుండ నుంచి, లోపలి నీటి నుంచి తీసుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడిన కుండలో రంధ్రాలు పూడుకుపోతే నీళ్ళు అంతగా చల్లబడవు. ఎయిర్ కూలర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. వేసవిలో తెలంగాణ, రాయలసీమల పొడి గాలిలో కూలర్ హాయినిస్తుంది. సముద్రతీరంలో గాలిలో ముందే తేమ ఎక్కువ కాబట్టి నీరు సరిగా ఇగరదు. గదిలో ఉక్కపోత పెరుగుతుంది.

మరగడం వేరు. ఇది ఉపరితలంలోనే కాక ద్రవమంతటా జరుగుతుంది. నీటి ఆవిరి పీడనం బయటి గాలి పీడనంతో సమానమైనప్పుడు మొదలవుతుంది. మరిగే నీటిలో పెద్దపెద్ద బుడగలు గాలివి కావు, నీటి ఆవిరివి. (నీరు కాగడం మొదలైనప్పుడు గిన్నె అంచులకు అంటుకునే చిన్న బుడగలు మాత్రం నీటిలో కరిగి ఉన్న గాలివే.) బయటి పీడనం తగ్గితే మరుగు స్థానమూ తగ్గుతుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో 90 డిగ్రీల లోపే మరుగుతుంది. అక్కడ విడి గిన్నెలో పప్పు ఉడకడం కష్టం. 1679లో డెనిస్ పాపిన్ దీన్నే తిప్పి ఆలోచించాడు. ఆవిరిని పాత్రలో బంధిస్తే పీడనం, దానితో మరుగు స్థానం పెరుగుతాయి. నేటి ప్రెషర్ కుక్కర్‌లో నీరు సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కగలుగుతుంది.

3.6 చెమట, వడదెబ్బ

గాలి మన శరీరంకన్నా చల్లగా ఉన్నంతవరకు శరీరంలోని వేడి కొంత గాలిలోకి పోతుంది. గాలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. పైగా వేడి బయటి నుంచి లోపలికి వస్తుంది. అప్పుడు శరీరానికి మిగిలే ముఖ్యమైన ఆధారం ఒక్కటే: చెమట ఇగరడం.

చర్మం మీద 1 గ్రాము చెమట ఇగిరితే సుమారు 580 కెలోరీలు తీసుకుపోతుంది. 1 లీటరు ఇగిరితే సుమారు 580 కిలోకెలోరీలు. ఇంత ఉష్ణం 60 కిలోల మనిషి శరీరంలోనే నిలిచిపోతే ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పైగా పెరిగేది. శరీర ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు పెరిగినా ప్రాణాపాయమే. ఎండలో పనిచేసే ఉపాధి కూలీకి చెమట ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. చెమట పట్టాలంటే శరీరంలో నీరుండాలి. దానితోపాటు ఉప్పూ పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఇందుకే మంచిది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. చల్లబరిచేది చెమట పట్టడం కాదు, అది ఇగరడం. ధారగా కారి నేలమీద పడిన చెమట శరీరం నుంచి గుప్తోష్ణాన్ని తీసుకోలేదు. అందుకే తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతంలో 38 డిగ్రీల రోజు కూడా, పొడి వాతావరణంలోని 42 డిగ్రీల రోజుకన్నా ఎక్కువ ప్రమాదకరం కావచ్చు. ఉష్ణోగ్రతను మాత్రమే చూసి "ఫరవాలేదు" అనుకోకూడదు, ఆర్ద్రతనూ చూడాలి. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి.

వడదెబ్బ తగిలినవారి శరీరం 40 డిగ్రీలు దాటి కాలిపోతుంటుంది. మాట తడబడుతుంది, స్పృహ తప్పవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. తడపడం, విసరడం రెండూ చేయాలి. తడి లేకుండా వేడిగాలి విసిరితే ఇగరడానికి ఏమీ ఉండదు. గాలి లేకుండా తడిగుడ్డ కప్పి వదిలేస్తే ఇగరడం మందగిస్తుంది. స్పృహలో లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. 0 డిగ్రీల వద్ద ఉన్న 50 గ్రాముల మంచును 0 డిగ్రీల నీరుగా మార్చడానికి ఎంత ఉష్ణం కావాలి?
4. వేడి టీని సాసరులో పోస్తే ఎందుకు తొందరగా చల్లారుతుంది?

3.7 ఘనపరిమాణంలో మార్పు: గ్యాస్ బండ

ఇంతవరకు ఉష్ణం లెక్క చూశారు. ఇక చోటు లెక్క. నీరు మంచుగా మారితే సుమారు 9 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నిండుగా నీళ్ళు పోసి బిగించిన గాజుసీసాను డీప్ ఫ్రీజర్‌లో పెడితే పగిలేది ఇందుకే. ద్రవం వాయువుగా మారినప్పుడు తేడా ఇంకా పెద్దది. 1 లీటరు నీరు 100 డిగ్రీల వద్ద దాదాపు 1,600 లీటర్ల ఆవిరి అవుతుంది. కుక్కర్ మూతలోని ఆవిరి గొట్టంలో మెతుకు అడ్డుపడితే ఆ ఆవిరికి దారి ఉండదు. వాడేముందు గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడటం, పీడనం పూర్తిగా తగ్గేదాకా మూత తీయకపోవడం తప్పనిసరి.

గ్యాస్ బండను కదిలిస్తే లోపల ద్రవం కదిలినట్లు తెలుస్తుంది. అది ద్రవమే. వంటగ్యాస్ ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. మామూలు పీడనం వద్ద ప్రొపేన్ 0 కన్నా 42 డిగ్రీలు తక్కువలోనే మరుగుతుంది; బ్యూటేన్ దాదాపు 0 డిగ్రీల దగ్గర మరుగుతుంది. బండలో పీడనం వల్ల మాత్రమే అవి ద్రవంగా ఉంటాయి. బయటికి రాగానే వాయువై సుమారు 250 రెట్లు వ్యాపిస్తాయి.

14.2 కిలోల బండలోని ద్రవం సుమారు 26 లీటర్లు. వాయువుగా మారితే 26 × 250 = 6,500 లీటర్లు, అంటే 6.5 ఘనపు మీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు 3 మీటర్ల చొప్పున ఉన్న వంటగది ఘనపరిమాణం 27 ఘనపు మీటర్లు. గాలిలో వంటగ్యాస్ సుమారు 2 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. 27లో 2 శాతం 0.54 ఘనపు మీటర్లు. అంటే బండలో పదో వంతు కూడా లీకవనక్కరలేదు. పైగా ఈ వాయువు గాలికన్నా బరువైనది; పైకి పోకుండా నేల వెంబడే పరుచుకుంటుంది. అందువల్ల గదంతా సమంగా కలవక ముందే నేల దగ్గర ప్రమాదకరమైన పాళ్ళకు చేరుతుంది.

వంటగ్యాస్‌కు సహజంగా ఘాటైన వాసన లేదు. లీకైతే తెలియడానికి మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని కలుపుతారు. ఆ వాసన వస్తే:
• మంటలు, అగరువత్తులు ఆర్పండి. పొయ్యి నాబ్, రెగ్యులేటర్ కట్టేయండి.
• తలుపులు, కిటికీలు తెరవండి. నేల వెంబడి ఉన్న వాయువు బయటికి పోవడానికి తలుపు ముఖ్యం.
• ఏ విద్యుత్ స్విచ్‌నూ వేయవద్దు, వేసి ఉన్నదాన్ని ఆపవద్దు. స్విచ్‌లో పుట్టే రవ్వ చాలు.
• బయటికి వచ్చిన తరువాతే 1906 అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

ఎక్కువసేపు పెద్దమంట మీద వాడుతుంటే బండ కింది భాగం చల్లబడి, దానిమీద నీటి బిందువులు ఏర్పడతాయి. లోపలి ద్రవం ఆవిరి కావడానికి గుప్తోష్ణాన్ని బండ నుంచే తీసుకుంటుంది. గాలిలోని తేమ ఆ చల్లని ఇనుము మీద నీరుగా మారుతుంది. ఇది లీకు కాదు. మంట తగ్గిందని బండను పడుకోబెట్టడం, వేడినీళ్ళలో పెట్టడం చేయకూడదు. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. వేడిచేస్తే లోపలి పీడనం పెరుగుతుంది.

3.8 ఉప్పు మడులు

భౌతిక మార్పే జీవనాధారంగా గలవారిలో ఉప్పు రైతులు ఒకరు. శ్రీకాకుళం జిల్లా నౌపడ ప్రాంతంలో సముద్రపు నీటిని మడులలోకి పారించి, ఎండకు, గాలికి ఇగరనిస్తారు. 1 లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో ఎక్కువ భాగం మనం తినే ఉప్పు. నీరు ఇగిరే కొద్దీ కాల్షియం లవణాలు ముందుగా అడుగుకు చేరతాయి. నీరు పదో వంతుకు తగ్గేసరికి ఉప్పు స్ఫటికాలు ఏర్పడటం మొదలవుతుంది. చివరికి మిగిలే నీటిలో మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అది చేదుగా ఉంటుంది కనుక దాన్ని పారబోస్తారు. ఇలా ద్రావణం నుంచి ఘనపదార్థాన్ని స్ఫటికాలుగా పొందడాన్ని స్ఫటికీకరణం అంటారు.

1 కిలో ఉప్పు కోసం 30 లీటర్లకు పైగా నీరు ఇగరాలి. అందుకు 17,000 కిలోకెలోరీలకు పైగా ఉష్ణం కావాలి. అంత ఉష్ణం పొయ్యి మీద పొందాలంటే ఒకటిన్నర కిలోల వంటగ్యాస్ కాల్చాలి. ఉప్పు ఇంత చౌకగా దొరకడానికి కారణం, ఆ గుప్తోష్ణాన్ని ఎండ ఉచితంగా ఇవ్వడమే. కాని ఈ మార్పు రెండు వైపులా నడుస్తుంది. కోతకు వచ్చిన మడిలో అకాల వర్షం పడితే స్ఫటికాలు మళ్ళీ ద్రావణమవుతాయి. ఉప్పు ఎక్కడికీ పోలేదు, ఒక్క రేణువు కూడా మరో పదార్థంగా మారలేదు. అయినా రైతు వారాల తరబడి చేసిన శ్రమ నీళ్ళపాలవుతుంది.

3.9 సారాంశం

కొత్త పదార్థం ఏర్పడకుండా స్థితి, ఆకారం, పరిమాణం మారితే అది భౌతిక మార్పు. వాడుకలో "కరగడం" అనే మాట ద్రవీభవనానికీ, ద్రావణం ఏర్పడటానికీ చెల్లుతుంది. శాస్త్రంలో ఇవి వేరు. స్థితి మారేటప్పుడు ఉష్ణోగ్రత మారదు; గుప్తోష్ణం రూపంలో ఉష్ణం లోపలికి పోతుంది లేదా బయటికి వస్తుంది. ఆవిరి కాలడానికీ, కుండనీరు చల్లబడటానికీ, చెమట ప్రాణం కాపాడటానికీ ఇదే కారణం. ద్రవం వాయువైనప్పుడు ఘనపరిమాణం వందల రెట్లు పెరుగుతుంది. కుక్కర్, గ్యాస్ బండల విషయంలో జాగ్రత్తలన్నీ ఈ పెరుగుదల మీదనే ఆధారపడి ఉన్నాయి. కనుక ఏ భౌతిక మార్పును చూసినా "పదార్థం మారిందా?" అని అడిగి ఆగిపోకండి. "ఉష్ణం ఎంత? చోటు ఎంత?" అని కూడా అడగండి.

3.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

1. మైనం కరగడం భౌతిక మార్పు. మైనపు ఆవిరి మండటం రసాయన మార్పు.
2. లేదు. బెల్లం నీటితో కలిసి ద్రావణంగా మారింది.
3. 50 × 80 = 4,000 కెలోరీలు.
4. ఉపరితలం పెరగడం వల్ల టీ వేగంగా ఇగురుతుంది. అందుకు కావలసిన ఉష్ణాన్ని మిగిలిన టీ నుంచి తీసుకుంటుంది. పెరిగిన ఉపరితలం నుంచి గాలిలోకి, సాసరులోకి కూడా వేడి పోతుంది.

3.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇగరడానికీ, మరగడానికీ గల భేదాలను రాయండి.
2. ఆవిరి వల్ల కలిగే గాయం మరిగే నీటి వల్ల కలిగే గాయంకన్నా ఎందుకు తీవ్రమో లెక్కతో చూపండి.

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గుప్తోష్ణాన్ని నిర్వచించి, నిత్యజీవితంలో దాని ప్రభావాన్ని మూడు ఉదాహరణలతో వివరించండి.
2. మీ వంటగది కొలతలు తీసుకోండి. ఎంత వంటగ్యాస్ లీకైతే ప్రమాదకరమో లెక్కకట్టి, మీ ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు రాయండి.

3.12 పారిభాషిక పదాలు

ఆర్ద్రత: గాలిలోని నీటి ఆవిరి, తేమ.
ఉత్పతనం: ఘనపదార్థం ద్రవం కాకుండానే వాయువుగా మారడం.
గుప్తోష్ణం: ఉష్ణోగ్రత మారకుండా స్థితి మారేటప్పుడు పదార్థం తీసుకునే లేదా విడుదల చేసే ఉష్ణం.
ద్రవీభవనం: ఘనపదార్థం ద్రవంగా మారడం.
ద్రావణం: ఒక పదార్థంలో మరొకటి అణువుల స్థాయిలో సమంగా కలిసి ఏర్పడే మిశ్రమం.
బాష్పీభవనం: ద్రవం ఉపరితలం నుంచి ఏ ఉష్ణోగ్రత వద్దనైనా ఆవిరి కావడం, ఇగరడం.
స్ఫటికీకరణం: ద్రావణం నుంచి ఘనపదార్థం స్ఫటికాలుగా వేరుపడటం.